రెండు స్టేజీల ఊరు

మా ఊరు మానేరు ఒడ్డున ఉండేది. ఇప్పుడు మానేరు అడుగున ఉంది. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు ముక్కలూ చెప్పి ఊరుకుంటాను. అడిగినవాళ్లు "అయ్యో" అంటారు. అనాలి కాబట్టి అంటారు. ఆ తర్వాత, "మరి ఇప్పుడున్న చోటికి బస్సుందా?" అంటారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఊరు మునిగిన సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది గాని, బస్సు సంగతి అంత తొందరగా ఒడిసేది కాదు.

నేను కోరుట్లలో ఉంటాను. గొల్లపల్లి దగ్గర ఒక బడిలో టీచర్ని. పొద్దున కోరుట్ల నుంచి జగిత్యాలకు ఒక బస్సు, జగిత్యాల నుంచి బడికి ఇంకో బస్సు. సాయంత్రం మళ్లీ అవే. నా సర్వీసులో సగం కిటికీ పక్కన కూర్చుని గడిచింది, మిగతా సగం కడ్డీ పట్టుకుని నిలబడి గడిచింది. కాబట్టి బస్సుల గురించి నీకేం తెలుసని నన్నెవరూ అనలేరు.

కోరుట్ల బస్టాండులో బస్సు కదిలాక కూడా కండక్టర్ తల బయటికి పెట్టి "జగిత్యాల, జగిత్యాల" అని అరుస్తూనే ఉంటాడు. టీ కొట్టు దగ్గర నిలబడ్డవాడిని కూడా వదలడు. ఒకసారి చుట్టాలను బస్సెక్కించడానికి సంచులు పట్టుకుని లోపలికొచ్చిన ఒక పెద్దమనిషిని దిగనీయకుండానే బండి పోనిచ్చారు. ఆయన జగిత్యాల దాకా పోయి, ఆ చుట్టాల ఇంట్లోనే అన్నం తిని వచ్చాడు. బస్సంటే అట్లా ఉంటుందని నేను అనుకునేదాన్ని. మా కొత్త ఊరిని చూశాక ఆ నమ్మకం పోయింది.

పాత ఊరికి మొదట బస్సూ లేదు, రోడ్డూ లేదు. ఏరే రోడ్డు. ఎండాకాలం మానేరులో నీళ్లు ఒక పక్కకు సన్నగా తప్పుకునేవి, మిగతాదంతా ఇసుక. అడ్డంగా నడిస్తే తంగళ్ళపల్లి. మా బాపు అక్కడ ఒక ఆసామి దగ్గర సాంచాలు నడిపేవాడు. మగ్గానికి కరెంటు పెడితే అది సాంచ అవుతుంది, దాని పక్కన నిలబడ్డ మనిషికి చెవుడు వస్తుంది. బాపుకు రెండూ వచ్చాయి, పని వచ్చింది, చెవుడూ వచ్చింది. పొద్దున్నే చెప్పులు చేతిలో పట్టుకుని ఏట్లో దిగేవాడు, అవతలి ఒడ్డున కాళ్లు దులుపుకుని తొడుక్కునేవాడు. వానాకాలం ఏరు వస్తే చుట్టూ తిరిగి సిరిసిల్ల వంతెన మీదుగా పోవాలి. అప్పుడు అన్నం సద్ది కట్టుకునే మూట పెద్దదయ్యేది, ఎందుకంటే దారిలోనే ఒకసారి ఆకలయ్యేది.

తర్వాత ఇసుక కోసం ట్రాక్టర్లు వచ్చాయి. వాటి కోసం ఏటిదాకా రోడ్డు పడింది. ట్రాక్టర్లు ఆ రోడ్డు మీదుగా వచ్చి మా నడక దారిని ఎత్తుకుపోయాయి. ఏట్లో గుంతలు మిగిలాయి. బాపు ఒకరోజు నడుము దాకా దిగబడి, సద్దిమూట నెత్తిన పెట్టుకుని, ఎవరో వచ్చి లాగేదాకా అట్లాగే నిలబడ్డాడట. ఇంటికొచ్చి అమ్మతో అన్న మాట ఒక్కటే, "ఇగ ఏట్ల నడువరాదు." రోడ్డున్న ఊరికి బస్సు వస్తుంది గనుక, కొన్నాళ్లకు మాకూ బస్సు వచ్చింది.

అది ఊళ్లోనే పడుకునే బస్సు. సాయంత్రం సిరిసిల్ల నుంచి వచ్చి, రాత్రికి ఆగి, తెల్లారి మళ్లీ సిరిసిల్ల పోయేది. నైట్‌హాల్ట్ అంటారు. బస్సు పడుకుంటే డ్రైవరూ కండక్టరూ కూడా పడుకోవాలి, పడుకోవాలంటే తినాలి. వాళ్లకు ఊరే అన్నం పెట్టేది, వంతులవారీగా. పెట్టమని డిపోవాళ్లు చెప్పలేదు, ఎవరూ రాసుకోలేదు, బస్సుతోపాటే ఆ ఆచారమూ వచ్చింది.

కొట్లాట మాత్రం బస్సు రాకముందునుంచే ఉంది. మా ఊళ్లో పైవాడ, కిందివాడ అని రెండు వాడలు. ఈ రెంటికీ పడదు. ఎందుకు పడదో మా బాపుకు తెలియదు, బాపు వాళ్ల బాపుకూ తెలియదు. కులం కొట్లాట అనుకుందామా అంటే, నేతపని చేసే మావాళ్లు రెండు వాడల్లోనూ ఉండేవాళ్లు, భూములున్న పటేండ్లూ రెండు వాడల్లోనూ ఉండేవాళ్లు. బతుకమ్మ ఆడితే రెండు చోట్ల ఆడేవాళ్లు. ఒకటే ఏట్లో వేసేవాళ్లు గాని, రెండు రేవుల్లో.

బస్సు వచ్చిన రోజే అది ఎక్కడ పడుకోవాలన్న లొల్లి లేచింది. పైవాడలో నేల గట్టిది, అక్కడే ఆగాలని వాళ్లన్నారు. కిందివాడలో గాలి మంచిగ వస్తుందని వీళ్లన్నారు. బస్సుకు గాలెందుకని ఎవరూ అడగలేదు. పంచాయతీ చాలాసేపు నడిచింది. చివరికి ఒక వారం పైవాడలో, ఒక వారం కిందివాడలో పడుకోవాలని, బస్సు ఏ వాడలో ఉంటే అవతలి వాడవాళ్లు అన్నం పంపాలని తేల్చారు. బస్సు ఒకరికి, పుణ్యం ఒకరికి. పైవాడవాళ్లు కోడికూర పంపితే, మరుసటి వారం కిందివాడవాళ్లు చేపల పులుసు పంపేవాళ్లు. డ్రైవర్ లావయ్యాడు. కొన్నాళ్లకు ఆయనకు వేరే రూటు వేస్తే, చేసిన తప్పేంటో చెప్పమని అడిగాడట.

ఇంత పగలోనూ పిల్లనిచ్చుకోవడం, తెచ్చుకోవడం మాత్రం ఆగలేదు. మా అక్క పుట్టింది పైవాడలో, ఇచ్చింది కిందివాడకు. అప్పగింతలప్పుడు అక్క వెక్కివెక్కి ఏడ్చింది. నాలుగడుగులు వేస్తే వచ్చే ఇంటికి పోవడానికి ఏడుపెందుకని నేను గట్టిగానే అడిగాను. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. అప్పుడు నేనూ ఏడ్చాను. పెళ్లివారు ఎంత ప్రేమ అనుకున్నారు.

అక్క గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఈ కథంతా ఆమెదే గనుక. పెళ్లికి ముందూ తర్వాతా అక్క ఇంట్లో కూర్చుని కండెలు చుట్టింది. సాంచాల్లోకి పోయే నూలు చుట్టడం. మా వైపు ఆడవాళ్లందరూ చుట్టేవాళ్లే. చుట్టినంతసేపూ "ఊకెనే కూసున్నది" అనే అంటారు. ఎవరైనా వచ్చి, ఏం పని చేస్తున్నవని అడిగితే, చేతిలో కండె తిరుగుతుండగానే అక్క, "ఏం లేదు, ఖాళీగనే ఉన్న" అనేది. అందరూ అట్లాగే అనేవాళ్లు.

ఏటికి అడ్డంగా కట్ట కడుతున్నారని తెలిసి చాలా ఏండ్లయినా ఎవరూ నమ్మలేదు. కొలిచేవాళ్లు వచ్చారు, పోయారు. ఇండ్ల మీద నంబర్లు వేశారు. ఒకాయన తన ఇంటికి పడ్డ నంబరు బాగా లేదని పక్కింటితో మార్చుకుంటానన్నాడు. తర్వాత నిజంగానే లేవమన్నారు. సిరిసిల్ల పోయే పెద్ద రోడ్డు పక్కన కాలనీకి చదును చేసి, ప్లాట్లకు చీటీలు తీశారు. మా ఊరంతా ఒక డబ్బాలో పడి, కలిసిపోయి, బయటికి వచ్చింది. పైవాడ పటేలుకు కాలనీ కింది కొసన వచ్చింది, కిందివాడ మాజీ సర్పంచుకు పై కొసన వచ్చింది. అక్కావాళ్లది సరిగ్గా నడుమ. ఇక వాడల గోల తీరిందని నేను సంతోషపడ్డాను. చదువుకున్నదాన్ని గదా, అట్లాంటివి నమ్ముతాను.

అందరూ మమ్మల్ని అదృష్టవంతులన్నారు. "ఇగ మీకేం తక్కువ? గడప దాటితే పెద్ద రోడ్డు. రోజంతా బస్సులే" అన్నారు. అది అబద్ధం కాదు. రోజంతా బస్సులే. పోతూ ఉంటాయి. పెద్ద రోడ్డు మీదున్న ఊరికి నైట్‌హాల్ట్ అవసరం లేదని ఆ బస్సు తీసేశారు. మిగతావి మా కాలనీ ముందర గేరు మార్చుకుని మరీ జోరుగా పోయేవి.

నీళ్లు నిండాక ఇంకో తమాషా మొదలైంది. కట్ట మీది నుంచి చూస్తే అవతలి ఒడ్డు కనిపించదు. ఆదివారం వస్తే జగిత్యాల నుంచి, కోరుట్ల నుంచి, ఎక్కడెక్కడి నుంచో కార్లలో నీళ్లు చూడడానికి వస్తారు. పిల్లలు సముద్రం అంటారు. మా బడిలో తోటి టీచరమ్మ కూడా పోయి వచ్చి, "మీ ఊరు బీచ్ లెక్క ఉన్నది మేడమ్" అని ఫోటోలు చూపించింది. ఫోటోలో ఆమె నిలబడ్డ చోటికి కాస్త ఎడమ పక్కన, నీళ్ల కింద, మా ఇంట్లో పాలు కాగిన దాలి ఉండాలి. బాగుందన్నాను. ఆ కార్లు మా కాలనీ దగ్గర ఎక్కడపడితే అక్కడ ఆగుతాయి, నీళ్ల సీసా కోసం ఆగుతాయి, మొక్కజొన్న కంకి కోసం ఆగుతాయి. బస్సు ఒక్కటే ఆగదు.

ఆగకపోవడంలో బస్సు తప్పు కొంచెమే. బస్సు స్టేజీ పెట్టమని ఊరివాళ్లు డిపోకు పోయినప్పుడు, అక్కడి సారు, స్టేజీ ఎక్కడో మీరే చూపించండి అన్నాడట. అనకూడని మాట అన్నాడు. పైవాడవాళ్లు రాత్రికి రాత్రి కాలనీ పై కొసన రేకుల షెడ్డు వేసి, "బస్సు ఇక్కడ ఆగును" అని బోర్డు రాయించారు. తెల్లారేసరికి చూసి, కిందివాడవాళ్లు కింది కొసన నాలుగు సిమెంటు బల్లలు దించి, "బస్సు ఇక్కడనే ఆగును" అని రాయించారు. "నే" ఒక్కటి ఎక్కువ. ఆ "నే" ఎవరి బుర్రలో పుట్టిందో గాని, దాన్ని తలచుకుని వాళ్లు చాలాకాలం మురిసిపోయారు.

ఇక్కడ చీటీల సంగతి గుర్తుంచుకోవాలి. పైవాడవాళ్ల ఇండ్లన్నీ పై కొసన లేవు. కిందివాడవాళ్లవి కింది కొసన లేవు. అయినా ఎవరి వాడ స్టేజీకి వాళ్లే పోవాలి. కాబట్టి కింది కొసన ఇల్లున్న పైవాడ పటేలు, గడప ముందరి సిమెంటు బల్లల వైపు కన్నెత్తి చూడకుండా, కాలనీ పొడుగునా నడిచి రేకుల షెడ్డుకు చేరేవాడు. పై కొసన ఇల్లున్న కిందివాడ మాజీ సర్పంచు, ఇంటి ముందరి షెడ్డు నీడను దాటి ఎదురుగా నడిచి వచ్చేవాడు. ఇద్దరూ రోజూ సరిగ్గా అక్కావాళ్ల ఇంటి ముందు ఎదురుపడేవాళ్లు. "పోతున్నవా?" అని ఈయన, "ఆఁ, పోతున్న" అని ఆయన. మర్యాదకు లోటు లేదు.

బస్సు బోయినపల్లి దిక్కు నుంచి వస్తుంది. పై కొస ముందొస్తుంది. ఒకరోజు డ్రైవర్ ఎవరో మంచివాడు, షెడ్డు దగ్గర కొంచెం నెమ్మదించాడు. అది చూసి కింది కొసన ఉన్నవాళ్లు, అక్కడ ఆగిపోతుందేమోనని చేతులు పైకెత్తి కేకలు వేస్తూ రోడ్డు మీదికి ఉరికి వచ్చారు. వాళ్లను ఆపడానికి షెడ్డువాళ్లూ ఉరికారు. మా దిక్కు జనం చేతులెత్తి రోడ్డు మీదికి వస్తే దానికొకటే అర్థం, రాస్తారోకో. డ్రైవర్ బెదిరి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా పక్కనుంచి దూసుకుపోయాడు. ఆ తర్వాత మా కాలనీ వస్తోందంటేనే బస్సులు ఊపు పెంచేవి. "లోపట కూసున్నోళ్లను గట్టిగ పట్టుకోమంటున్నరట" అని అక్క ఫోన్లో నవ్వుతూ చెప్పింది.

ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. అప్పటికి అక్కకు పని దొరికింది. కండెలు కాదు, పనంటే పని. సిరిసిల్లలో బట్టలు కుట్టే షెడ్డు ఒకటి పెడితే, నడి వయసులో పోయి నేర్చుకుని చేరింది. వరుసగా మిషన్లు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. అక్కది కిటికీ పక్కది. స్కూలు అంగీలకు కాలర్లు వెయ్యడం ఆమె పని. చేరిన కొత్తలో నాకు రోజూ ఫోను. "మీ బడి పోరగాండ్ల కాలర్లు జర సూడవే, మూలలు సక్కగున్నయా?" అనేది. నేను ప్రార్థన వేళ పిల్లల మెడలు పట్టుకుని చూసేదాన్ని. మురికి కోసం చూస్తున్నాననుకుని పిల్లలు మెడలు కడుక్కుని రావడం మొదలుపెట్టారు. ఇంటికెవరైనా వచ్చి, ఏం చేస్తున్నవని అడిగితే అక్క ఇప్పుడు ఖాళీగ ఉన్న అనేది కాదు. "నా మిషన్ ఉన్నది సిరిసిల్లల" అనేది. ఆ "నా" అనే మాట అంత ఇష్టంగా పలకడం నేనెప్పుడూ వినలేదు. ఇంటి పట్టా బావ పేరు మీద, రేషన్ కార్డు అత్త పేరు మీద. ఆమెకని ఉన్నది ఆ మిషనే.

పక్కింటి కోడలు ఒకమ్మాయి ఉంది, చిన్న బిడ్డ తల్లి. ఆ అమ్మాయికీ అక్కే కుట్టు నేర్పి అదే షెడ్డుకు తీసుకుపోయింది. మిషన్లు ఖాళీ లేకపోతే దారాలు కత్తిరించే చోట పెట్టారు. ఆమెను మొగుడు బండి మీద దింపి వచ్చేవాడు. అక్కకు ఆ వసతి లేదు. మా బావకు తంగళ్ళపల్లిలో సాంచాల రాత్రి డ్యూటీ, ఆయన ఇల్లు చేరేసరికి అక్క షెడ్డు గేటు మూసేస్తారు.

గేటుకు ఒక వేళ ఉంది. దాటితే మధ్యాహ్నం దాకా బయటే. మాటిమాటికీ దాటితే మిషన్ ఇంకొకరికి. ఇది అందరికీ మొదటే చెప్పారు. అక్క పొద్దున్నే లేచి వండి, డబ్బా కట్టుకుని ఒకరోజు స్టేజీ రేకుల షెడ్డు దగ్గర, ఒకరోజు బల్లల దగ్గర నిలబడేది. షెడ్డు దగ్గర నిలబడితే బల్లలవాళ్లు, "పుట్టింటి మీద ఎంత పావురమో జూడు" అనేవాళ్లు. బల్లల దగ్గర నిలబడితే షెడ్డువాళ్లు, "మొగని వాడ ఎక్కువైంది" అనేవాళ్లు. బస్సు ఇద్దరినీ ఏమీ అనకుండా పోయేది. షేర్ ఆటో కోసం చూస్తే, అది నిండితే గాని కదలదు. నిండేసరికి గేటు పడేది.

రెండు వాడల పెద్దల దగ్గరికీ అక్క పోయింది. ఒక్క స్టేజీ చాలు, ఏదైనా సరే, నా పని పోతది అని చెప్పింది. పటేలు శ్రద్ధగా విని, "నువ్వన్నది నిజమే బిడ్డా, వాళ్లకు బుద్ధి లేదు" అన్నాడు. మాజీ సర్పంచు కూడా అదే మాటన్నాడు. అక్క ఆ రాత్రి నాకు ఫోను చేసి, "అందరు నా దిక్కే ఉన్నరే. బస్సొక్కటే లేదు" అంది. నాకు నవ్వాలో తిట్టాలో తెలియక, నాకొచ్చినంతమేరకు తిట్టాను. అక్క మధ్యలోనే ఫోను పెట్టేసింది, పొద్దున్నే లేవాలట.

తర్వాత ఒకరోజు ఆమె ఫోను చేసి ఒకటే మాట చెప్పింది. "మిషన్ ఇచ్చేసిండ్రు."

"ఎవలికి?"

"ఎవలికో. మనకెందుకు."

ఆ మర్నాడు జరిగింది ఊరంతా చెప్పుకుంటుంది గాని, నాకు బావ చెప్పాడు. అక్క మామూలుగానే లేచింది, వండింది, డబ్బా కట్టింది. రేకుల షెడ్డుకూ పోలేదు, బల్లలకూ పోలేదు. తన ఇంటి ముందరి నుంచి నేరుగా పెద్ద రోడ్డెక్కి, నట్టనడుమ నిలబడింది. బస్సు వచ్చింది. హారన్ కొట్టింది. అక్క కదల్లేదు. బ్రేకు చప్పుడుకు కాలనీ అంతా బయటికి వచ్చింది.

"సావనీకి నా బస్సే దొరికిందా?" అని డ్రైవర్ అరిచాడు.

"సచ్చుడు నిన్ననే అయిపోయింది. ఇప్పుడు ఎక్కాలె, తలుపు తియ్యి" అంది అక్క.

తలుపు తీశాడు. పై కొస నుంచీ కింది కొస నుంచీ జనం ఉరికి వచ్చి ఎక్కారు. అక్క సిరిసిల్ల పోయి, కుట్టు షెడ్డులో ఇంకోసారి అడిగి, లేదనిపించుకుని ఇంటికి వచ్చింది. ఆ మర్నాడు బస్సు మళ్లీ ఎవరికీ ఆగే ఆలోచనలో లేదు. అక్క మళ్లీ నడిరోడ్డు మీదికి పోయింది. ఇట్లా కొన్నాళ్లయ్యాక డ్రైవర్ కిందికి దిగి దండం పెట్టాడట. "అక్కా, నువ్వు పక్కకు నిలవడు. నీకు పుణ్యముంటది. నువ్వు గనవడితె సాలు, నేనాపుత." అప్పటి నుంచి అక్క ఎక్కడ నిలబడితే అక్కడ ఆగుతుంది. షెడ్డు దగ్గర కాదు, బల్లల దగ్గర కాదు, ఆమె ఇంటి ముందర.

రెండు వాడలవాళ్లకూ ఇందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పుట్టింది ఇటు, మెట్టింది అటు. పైవాడవాళ్లు మా ఆడబిడ్డ దగ్గర ఎక్కుతున్నాం అనుకున్నారు, కిందివాడవాళ్లు మా కోడలి దగ్గర ఎక్కుతున్నాం అనుకున్నారు. రేకుల షెడ్డులో మేకలు పడుకుంటున్నాయి. సిమెంటు బల్లల మీద మాత్రం సాయంత్రం ముసలివాళ్లు కూర్చుంటారు, కిందివాడవాళ్లే.

బస్సు ఆగింది గాని, అక్కకు పని మళ్లీ రాలేదు. కుట్టు షెడ్డులో, "చూస్తాం, చెప్తాం" అన్నారు, చెప్పలేదు. అయినా రోజూ పొద్దున ఆమె పోయి నిలబడుతోంది. ఆమె కనబడకపోతే బస్సు ఆగదు. ఒకరోజు జ్వరంతో పడుకుంటే ఆగనే లేదట. ఊళ్లోవాళ్లు తెల్లారే ఇంటికి వచ్చి, "ఎట్లున్నది పానం? రేపటికి తక్కువైతదా?" అని అడిగిపోయారు. ఊరు నన్నెంత అరుసుకుంటుందో అని అక్క చెప్తే, నేను పళ్లు పటపట కొరికాను.

మొన్న దసరా సెలవుల్లో పోయాను. కోరుట్ల నుంచి సిరిసిల్ల, అక్కడి నుంచి ఆటో. తెల్లారి అక్క లేచి తల దువ్వుకుంటుంటే నేనూ వస్తానన్నాను. ఆమె వద్దంది. "సలి పెడుతది, పండుకో" అంది. అందులో ఏదో ఉందని అప్పుడే అనుకోవలసింది. సరే, వెంట నడిచాను.

రోడ్డు పక్కన అప్పటికే జనం చేరారు. పటేలు ఉన్నాడు, మాజీ సర్పంచు ఉన్నాడు. కొంచెం ఎడంగా నిలబడ్డారు గాని ఒక్క చోటే ఉన్నారు. బస్సు కనబడగానే అందరూ వెనక్కి జరిగి అక్కను ముందుకు పంపారు. అక్క చెయ్యెత్తింది. బస్సు ఆగింది. అందరూ ఎక్కారు, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, కండక్టర్ తప్ప. "అక్కా, పోనియ్యాల్నా?" అన్నాడు.

"జరాగు" అంది అక్క. ఒక కాలు మెట్టు మీద పెట్టి, కడ్డీ పట్టుకుని నిలబడింది. లోపల నుంచి గొణుగుళ్లు. "ఇంకెంతసేపు?" అని పటేలు కిటికీలోంచి అన్నాడు. అక్క కాలు తియ్యలేదు. కాలనీ వైపు చూస్తోంది.

పక్కింటి కోడలు ఉరుకుతూ వచ్చింది. ఒక చేతిలో డబ్బా, ఇంకో చేత్తో జుట్టు ముడి వేసుకుంటోంది, వెనక ఆమె బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. అక్క మెట్టు మీది కాలు తీసి, ఆమెను భుజం పట్టి లోపలికి నెట్టింది. బస్సు కదిలింది. ఆ అమ్మాయి కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అత్తమ్మా! నీ మిషన్ ఒకటే దారం తెంపుతున్నదే, ఎట్ల జేయాలె?" అని అరిచింది.

"సూది మార్చి సూడు! బిగువు జర తక్కువ జెయ్యి!" అని అక్క బస్సు వెంట నాలుగడుగులు నడుస్తూ అరిచింది.

బస్సు పోయింది. నేను అక్కను చూశాను. అక్క రోడ్డును చూస్తోంది.

"నీ మిషన్ దానికిచ్చిండ్రా?"

అక్క ఇంటి వైపు తిరిగింది.

"నిన్నే అడుగుతున్న. ఎవలికో ఇచ్చిండ్రన్నవు. దానికేనా ఇచ్చింది?"

"ఎవలికో ఒకలికి ఇస్తరు గదా."

"నువ్వు నేర్పినదే, నువ్వు తీస్కపోయినదే, నీ కుర్సీల కూసున్నది! దానికోసం నువ్వు తెల్లారంగ వచ్చి బస్సుకు కాలడ్డం పెడుతున్నవా? సిగ్గు లేదా దానికి? నీకన్న లేదా?" నా గొంతు కాలనీ రెండు కొసలకూ వినబడి ఉంటుంది. తలుపులు తెరుచుకున్నాయి. నేను తగ్గలేదు. ఈ ఊరివాళ్లంతా దొంగలన్నాను, రేపట్నుంచి రావద్దన్నాను, బస్సు ఆగకపోతే పోనీ అన్నాను, ఇంకా చాలా అన్నాను.

అక్క అంతా విని, కొంగు భుజం మీదికి లాక్కుంది.

"నాకు బాధ లేదనుకుంటున్నవా? మొదట్ల దాని మొకం గూడ సూడలే నేను. వాకిట్ల ఎదురైతె ఇంట్లకొచ్చి తలుపేసుకున్న. మొన్న దాని మొగడు దుబాయి వోయిండు. ఇగ బండి మీద ఎవలు దింపుతరు? దాని బిడ్డ పాలకేడ్చుకుంట కూసుంటది, దానికి రోజు లేటే. గీ బస్సు తప్పితె దానికి గూడ గేటు పడుతది. మిషన్ వేరే ఊరోళ్లకిస్తరు. ఒక్కసారి వోయిందంటె మల్ల మన దాంక రాదు." నీళ్లున్న వైపు తిరిగింది. "ఊరు ఎట్లనో పాయె, చెల్లె. గా మిషనన్న మనూళ్లె ఉండనీ."

ఊరు మునిగిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదని చాలామంది అడిగారు కూడా. ఆ పొద్దున పెద్ద రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను, చిన్నపిల్లలాగా, ముక్కు చీదుకుంటూ. సముద్రం చూడడానికి పోతున్న కారు ఒకటి మా పక్కనే ఆగి, నీళ్ల దగ్గరికి దారి ఎటని అడిగింది. అక్క చెయ్యెత్తి చూపించింది. కారు పోయాక, "నడువు, మీ బావ డ్యూటీ దిగి అచ్చే యాళ్లయింది, చాయ పెట్టాలె" అని ముందు నడిచింది.